నీటిబొట్టు వణకు: మందు చల్లు రైతు నేర్వదగిన పాఠము



ఈ నెల పాఠమునకు విషయము నీటిబొట్టు. ఇంతటి స్వల్పవస్తువును గూర్చి పాఠమేల యని మీకు తోచవచ్చును. అప్పు చేసి పెంచిన పైరుమీద మనము చల్లు మందు ఆకున నిలుచునో, మట్టిలో కలియునో నిర్ణయించునది ఆ బొట్టే. గావున దాని గుణమును ఎరుగుట మనకు మిక్కిలి లాభకరము.

మొదట నా యనుభవమును చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున క్యాబేజి తోటలో మందు చల్లు విధమును ప్రదర్శించుటకు పోయితిని. డైమండు రెక్కల పురుగు ఆకులను జల్లెడవలె తొలిచివేయుచుండెను. తోట యజమాని ఆ పంటకొరకు సంఘములో అప్పు తీసికొనియుండెను. వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, తెల్లవారిన పిమ్మట వడగట్టి, ఆ కషాయమును చల్లించితిని. అందు సబ్బు కలుపవలెనని నాకు తెలియును. కాని ఒక పూటకు లేకున్న నేమి యని ఉపేక్షించితిని. పని సాగుచుండగా కలుపు తీయ వచ్చిన ఒక ముసలమ్మ నన్ను పిలిచి, "అయ్యా! మందంతా మట్టి తాగుతోంది గాని ఆకు తాగటం లేదు, చూడండి" అనెను. వంగి చూచితిని. బొట్లు ఆకుమీద పడి, బంతులవలె ఎగిరి, దొర్లి, నేల రాలుచుండెను. ఆకు తామరాకువలె పొడిగా నుండెను.

సిగ్గుపడి, మరునాడు సబ్బు కలిపి తిరిగి చల్లుడని చెప్పి వచ్చితిని. కొలత మాత్రము చెప్పనైతిని. కొంచెము మంచిదైనచో ఎక్కువ మరింత మంచిదని తలచి, ఆ రైతు బట్టల సబ్బుపొడిని పిడికిళ్ళతో పోసెను. వారము గడచునప్పటికి లేతాకుల అంచులు మాడినవి. పురుగు కొంత తగ్గినను గడ్డలకు తగిన వెల రాలేదు. మొదట సబ్బు వేయకుండుటయు, పిమ్మట కొలత చెప్పకుండుటయు, రెండును నా తప్పులే. ఆ రెండు తప్పుల నడుమ నున్న సంగతియే నేటి పాఠము.

1. బొట్టు ఏల గుండ్రముగా నుండును?

నీటి లోపలనున్న ప్రతి యణువును దాని ఇరుగుపొరుగు అణువులు అన్ని వైపులనుండియు లాగుచుండును. పైతలమున నున్న యణువునకు మీద నీరు లేదు. కావున దానిని లోపలికి లాగువారే గాని పైకి లాగువారు లేరు. ఇందుచేత నీటి పైతలము ఎల్లప్పుడును ముడుచుకొని చిన్నదగుటకు యత్నించును. ఈ లాగుడునకు తలతన్యత యని పేరు. ఒకే పరిమాణముగల ఆకృతులలో గోళమునకు పైతలము అన్నిటికంటె తక్కువ. అందువలననే బొట్టు గుండ్రమగును.

ఈ లాగుడు ఎంత? శుద్ధమైన నీటి తలముపై ఒక సెంటీమీటరు పొడవు గీత గీచితిమని భావింపుడు. ఆ గీతకు ఇరువైపుల నుండు లాగుడు సుమారు 73 మిల్లీగ్రాముల బరువునకు సమానము. నీటిలో సబ్బు కరగించినచో ఇది సగముకంటె తక్కువై, 30 మిల్లీగ్రాముల ప్రాంతమునకు దిగును. సబ్బు అణువునకు ఒక కొన నీటిని కోరును. రెండవ కొన నూనెవలె నీటిని రోయును. అందుచే అది నీటినడుమ నుండుటకంటె పైతలమున నిలిచి, నూనె కొనను గాలిలోనికి చాచుటకు ఇష్టపడును. సబ్బు మాత్రమే కాదు. చేతి జిడ్డు, పాత్రకంటిన నూనె, కుళ్ళిన ఆకుల రసము మొదలగు ననేక కల్మషములు ఇట్లే పైతలమును చేరును.

2. బొట్టు ఊగుట

వానాకాలమున చూరునుండి జారు బొట్టును గమనింపుడు. అది తెగిన క్షణమున కోలగా నుండును. తలతన్యత దానిని గుండ్రము చేయ లాగును. కాని ఊయల నడుమకు వచ్చినంతనే ఆగిపోనట్లు, బొట్టును గుండ్రనైనంతనే ఆగక, వేగముచే గారెవలె చపటయగును. మరల లాగబడి కోలయగును. ఇట్లు కోలగా, చపటగా, మరల కోలగా ఊగుచునే నేలకు దిగును.

ఈ ఊపులెన్నియో లెక్కించు సూత్రమును ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడగు రేలీ ప్రభువు 1879లో ప్రకటించెను. దాని ప్రకారము 2 మిల్లీమీటర్ల అడ్డుకొలతగల శుద్ధజలపు బొట్టు సెకనునకు సుమారు 120 మారులు ఊగును. అర మిల్లీమీటరు బొట్టు దాదాపు 970 మారులు ఊగును. బొట్టు చిన్నదైనకొలది ఊపు త్వరితమగునని గ్రహింపుడు. సబ్బుచే తలతన్యత తగ్గినచో లాగువాని బలము తగ్గినట్లే గావున ఊపు మందగించును. ఆ 2 మిల్లీమీటర్ల బొట్టు 120కి బదులు 80కి లోపుగా ఊగును.

ఊపు మందగించుట వేరు, ఊపు చల్లారుట వేరు. ఈ రెంటిని ఒకటిగా తలపరాదు. శుద్ధజలపు బొట్టు ఒకసారి కదలింపబడినచో నీటి స్నిగ్ధత మాత్రమే దానిని అణచును. నీరు తేనెవలె చిక్కనిది కాదు గావున, 2 మిల్లీమీటర్ల బొట్టు ఇరువది మారులకు పైగా ఊగిన పిమ్మటగాని ఆ ఊపు మూడవవంతునకు తగ్గదు. కల్మషమంటిన బొట్టు అట్లు గాక, శీఘ్రముగా శాంతించును. ఇంత స్వల్పమైన కల్మషము అంత పని యెట్లు చేయునో ఇక చూతము.

3. చెంచాడు నూనె, అర యెకరము నీరు

అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండను సమీపమున క్లాపమ్ అను చోట గాలికి అలలు లేచుచున్న ఒక చెరువున చెంచాడుకు మించని నూనెను పోసెను. అది వ్యాపించి, అర యెకరము మేర నీటిని అద్దమువలె నిశ్చలము చేసెను. ఈ వృత్తాంతము 1774లో ప్రకటితమైనది. చెంచాడు నూనెను అర యెకరమునకు పంచినచో పొర మందము ఒక మిల్లీమీటరులో కొన్ని లక్షల వంతులలో ఒక వంతు మాత్రమే. అనగా ఇంచుమించు ఒక అణువు మందమే. నీటిలోతుతో పోల్చిన అది లేనట్లే. ఐనను నీటి నడవడిని అది మార్చెను.

ఈ విషయమును కొలతలతో శోధించినది ఒక గృహిణి వంటి స్త్రీయే యన్న మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఆగ్నెస్ పాకెల్స్ అను ఆమె 1862లో పుట్టి, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగు పట్టణమున తలిదండ్రుల ఇంటి పనులు చూచుకొనుచుండెను. విశ్వవిద్యాలయమున చదువుటకు ఆమెకు అవకాశము లేకపోయెను. గిన్నెలు కడుగు నీటిమీద జిడ్డు చేయు మార్పులను గమనించి, ఒక రేకుతొట్టిని అమర్చి, నీటితలముపై ఒక పట్టీని జరుపుచు, కల్మషము దట్టమైనకొలది తలతన్యత యెట్లు తగ్గునో కొలిచెను. 1891లో ఆ ఫలితములను రేలీ ప్రభువునకు జాబుగా వ్రాయగా, ఆయన దానిని నేచర్ అను పత్రికలో ప్రకటింపజేసెను. చూచు కన్నును ఓపికయు నున్నచో వంటయింటనైనను శాస్త్రము పుట్టునని దీనివలన తెలియుచున్నది. ఆకు క్రింది మట్టిని చూచిన ఆ ముసలమ్మ కన్నును అటువంటిదే.

కల్మషము ఊపును అణచు మార్గమిది. బొట్టు ఊగునప్పుడు దాని పైతలము ఒకచోట సాగును, మరియొకచోట ముడుచుకొనును. సాగినచోట సబ్బు అణువులు పలుచనగును. అక్కడ లాగుడు హెచ్చును. ముడుచుకొన్నచోట అవి దట్టమగును. అక్కడ లాగుడు తగ్గును. పగ్గమును ఒక కొనను నలుగురు, మరియొక కొనను ఇరువురు లాగినచో పగ్గము నలుగురి వైపునకే పోవును గదా! అట్లే పైతలము దట్టమైన చోటినుండి పలుచనైన చోటికి లాగబడును. అనగా సాగదీసిన దానిని ముడుచుటకును, ముడిచిన దానిని సాగదీయుటకును ఈ లాగుడు యత్నించి, ఊపునకు అడ్డుపడును. పైతలము తనతో కూడ దాని క్రింది నీటిపొరను ఈడ్చును. పొరమీద పొర రాచుకొనును. ఊపులోని బలమంతయు ఆ రాపిడిలో వేడిమియై పోవును. తలతన్యత భేదముచే కలుగు ఇట్టి ప్రవాహమునకు, దీనిని పరిశోధించిన ఇటలీ దేశీయుని పేర, మరంగోని ప్రవాహమని పేరు.

ఇందొక ముఖ్యమైన సంగతి గలదు. కల్మషము మిక్కిలి తక్కువైనచో పనిచేయుటకు చాలదు. మిక్కిలి ఎక్కువైనను ఈ యణచివేత తగ్గును. ఏలయన, పైతలమున పలుచనైన చోటు ఏర్పడినంతనే క్రింది నీటిలో గుమిగూడియున్న సబ్బు అణువులు పైకి వచ్చి ఆ ఖాళీని నింపివేయును. దట్టము, పలుచన యను భేదమే మిగులదు. భేదము లేనిచోట లాగుడు లేదు. ఊపు మిక్కిలిగా అణగునది నడిమి కొలతయందే.

4. ఆకుమీద బొట్టు

క్యాబేజి, ఉల్లి, వరి, చేమ మొదలగు వాని ఆకులమీద సన్నని మైనపు పూత గలదు. శుద్ధమైన నీటిబొట్టు దానిపై పడినప్పుడు మొదట అప్పమువలె పరచుకొనును. తరువాత తలతన్యత దానిని వెనుకకు లాగి గుండ్రము చేయును. ఆ వెనుక ఊపున బొట్టు పైకెగిరిపోవును. బొట్టు ఎగురుటయు ఒక విధమగు ఊపే యని మీరు గ్రహించియుందురు. సబ్బు ఈ వెనుక లాగుడును తగ్గించును. మైనమునకు నీటికి గల వైరమునుగూడ తగ్గించును. అప్పుడు బొట్టు పరచుకొన్నచోటనే నిలిచి, ఆకును అంటును.

ఇదంతయు జరుగు కాలమెంత? 2 మిల్లీమీటర్ల బొట్టు ఆకును తాకి ఎగురుటకు సెకనులో నూరవవంతు చాలును. తుంపరయంత్రపు బొట్టు దాదాపు 0.3 మిల్లీమీటరుది, దానికి సెకనులో వెయ్యవవంతుకంటె తక్కువ చాలును. అంతలో పరచుకొనుచున్న క్రొత్త తలమునకు సబ్బు అణువులు చేరవలయును. చేరలేకపోయిన, డబ్బాలో ఎంత సబ్బున్నను ఆకుమీద లేనట్లే. గడ్డకట్టి అడుగున పడియున్న సబ్బుచే ప్రయోజనము లేదు. సబ్బును ముందుగా వేరు పాత్రలో కొద్దినీటిలో పూర్తిగా కరగించి, పిమ్మట డబ్బాలో కలుపుడని చెప్పుటకు కారణమిదియే.

సబ్బు మితిమీరినచో బొట్లు ఒకదానితో నొకటి కలిసి, పలుచని పొరయై, ఆకు అంచునుండి కారిపోవును. ఆకునకు రక్షణయగు మైనపుపూతయు చెడి, లేతాకు మాడును. నా రెండవ తప్పు ఇదియే.

5. బుడగల సంగతి

నీటిలోని గాలిబుడగకును ఇదే న్యాయము వర్తించును. శుద్ధజలమున చిన్నబుడగ పైకి పోవునప్పుడు దాని పైతలము నీటితోకూడ జారుచుండును. కల్మషమున్నచో ప్రవాహము దానిని బుడగ వెనుకకు నెట్టి, అచట దట్టముచేయును. ముందు పలుచన, వెనుక దట్టము అగుటచే పైన చెప్పిన లాగుడు పుట్టి, తలము జారుట ఆగును. బుడగ గాలితిత్తి వలె గాక గట్టిపూసవలె నడచును, వేగము తగ్గును, వణకును తగ్గును. రష్యా దేశపు ఫ్రూంకిన్, లెవిచ్ అను వారు 1947లో దీని కారణమును వివరించిరి.

కృష్ణా, గోదావరి డెల్టాలలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు గల సభ్యులకు ఇది అవసరమైన విషయము. గాలిచక్రములు త్రిప్పినప్పుడు చెరువున పుట్టు బుడగలనుండి ప్రాణవాయువు నీటిలో కలియును. మేత మిగిలి కుళ్ళిన నీటిలో కల్మషము బుడగలకు పొరగట్టి, తలము మారకుండ జేయుటచే, ఆ వాయువు కలియుట మందగించును. చక్రముల చుట్టు నురుగు చాల నిలిచినంత మాత్రమున గాలి బాగుగ కలియుచున్నదని భ్రమపడరాదు. విడువక నిలుచు నురుగు నీటిలోని కల్మషమునకు గురుతు కావచ్చును. తెల్లవారుజామున ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండును గావున, ఆ వేళ మీటరుతో కొలిచి చూచుటయే మేలు. మరియు మందుడబ్బాలను చెరువులో గాని కాలువలో గాని కడుగరాదు. పురుగుమందు సంగతి యటుండగా, సబ్బునీరును చేపల మొప్పలకు హానికరము.

6. ఆచరణమున గమనింపవలసినవి

మొదటిది: వేపగింజల కషాయమునకు లీటరు ఒక్కింటికి సుమారు 1 గ్రాము సబ్బు చాలును. 16 లీటర్ల డబ్బాకు 16 గ్రాములు. పిడికిలి కొలత కాదు. సంఘములోని చిన్న త్రాసుతో తూచి పొట్లములు కట్టుకొనుడు.

రెండవది: ఉప్పునీటి బావులు, సున్నము గల బావులు ఉన్న గ్రామములలో సబ్బు నురుగునకు బదులు పెరుగువలె విరిగి తేలును. అట్లు విరిగిన సబ్బు బొట్టు తలమును చేరదు. తుంపరయంత్రపు రంధ్రమును మాత్రము మూసివేయును. సీసాలో ఆ నీరుపోసి కొంచెము సబ్బువేసి గిలకరించినచో సంగతి తెలియును. విరిగినచో వాననీరు గాని, చెరువునీరు గాని వాడుడు.

మూడవది: కొనుగోలు మందులలో అంటుకొను ద్రవ్యమును ముందే కలిపియుండవచ్చును. సబ్బు క్షారగుణము గలది. క్షారమున కొన్ని మందులు విరిగి నిర్వీర్యమగును. గావున సీసాపై వ్రాసిన దానిని చదివించుకొని, అందు చెప్పినది మాత్రమే కలుపుడు.

నాలుగవది: వేపమందును సబ్బుతో కలిపి నిలువయుంచరాదు. కలిపిన పూటనే, ఎండ తగ్గి గాలి లేని సాయంకాలమున చల్లుడు.

ఐదవది: తోటంతయు చల్లకముందు నాలుగు మొక్కలమీద చల్లి, రెండు దినములు చూడుడు. ఆకు మాడకున్న పిమ్మట మిగిలిన తోటకు చల్లుడు.

ఆ క్యాబేజి రైతు మరుసటి యేడును నన్ను పిలిచెను. అది అతని మంచితనము. ఈ మారు సబ్బును తూచి, వాననీటిలో కరగించి, కలిపితిమి. చల్లుట మొదలుపెట్టి పది మొక్కలు దాటగానే నేను ఆకును గాక ఆకు క్రింది మట్టిని చూచితిని. అది పొడిగా నుండెను.

సంఘ సమావేశమున చేసి చూడవలసిన ప్రయోగములు

అ) ఒక చేమాకుమీద నీటిబొట్టు వేసి, ఆకును మెల్లగా కదలించి, బొట్టు ఊగుటను దొర్లుటను చూడుడు. చీపురుపుల్ల కొనకు కొంచెము సబ్బు రాచి బొట్టును తాకించుడు. తరువాత నేమయ్యెను?

ఆ) పళ్ళెములో నీరుపోసి మిరియాలపొడి చల్లుడు. నడుమ సబ్బుపుల్లను తాకించినంతనే పొడి అంచులకు ఏల పరుగెత్తెను? ఏ వైపు లాగుడు ఎక్కువైనదో చెప్పుడు.

ఇ) మీ బావినీటిని, వాననీటిని రెండు సీసాలలో పోసి, సమానముగా సబ్బువేసి గిలకరించుడు. మందు కలుపుటకు ఏది తగినదో నిర్ణయించుడు.

ఈ) సబ్బు లేని నీరును, లీటరుకు 1 గ్రాము సబ్బుగల నీరును, 10 గ్రాములు గల నీరును క్యాబేజి ఆకులపై చల్లి, ప్రతి యాకు క్రిందను ఒక కాగితము పరచి, ఏ కాగితము ఎక్కువ తడిసినదో చూడుడు. అందరి యెదుటను చూచి, ఫలితమును సంఘపు పుస్తకమున వ్రాసియుంచుడు.